రాజుగారి పుంజు, పట్టు పరుపు

అనగనగా, పొగమంచు ఇంకా చిన్నపిల్లగా ఆడుకుంటున్న రోజుల్లో, మూడు కొండల నడుమ మసకపురం అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో ఏడాది పొడుగునా మంచే. వాకిట్లో మంచు, వీధిలో మంచు, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే కుండ అంచు మీదా మంచే. సూర్యుడు ఎప్పుడు వచ్చాడో, ఎప్పుడు వెళ్లాడో ఎవరికీ కనిపించేది కాదు. పొద్దున్నా సాయంత్రమూ ఒకటే రంగు, బియ్యం కడిగిన నీళ్ల రంగు. అందుకే అక్కడి జనానికి నిద్ర ఎక్కువ, కలలు ఇంకా ఎక్కువ.

మరి తెల్లవారిందని వాళ్లకి ఎలా తెలిసేది? రాజుగారి పొద్దు పుంజు కూస్తే తెలిసేది. మామూలు పుంజుల గొంతు ఆ మంచులో వాకిలి దాటేది కాదు. పైగా అవి ఏ కాస్త వెలుగు కనిపించినా మోసపోయి ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి. వాటి మాట నమ్మి లేచినవాడు చీకట్లో ఆవు అనుకుని ఎద్దు దగ్గర చెంబు పట్టుకుని కూర్చునేవాడు. అందుకని పొద్దు తెలిసిన పుంజుని, మూడు కొండలూ దాటే గొంతున్న పుంజుని వెతికి, కోటలో పెట్టి పెంచడం అక్కడి ఆచారం.

ఈసారి ఆ భాగ్యం నూకాలు పెంచిన పుంజుకి దక్కింది.

నూకాలు కొండ కింద పాకలో ఒంటరిగా ఉండే మనిషి. ఆమెకి పిల్లలు లేరు, కోళ్లే ఉన్నాయి. ఎర్ర ఈకల పుంజుని ఆ సీమలో డేగ అంటారు. నూకాలు పుంజు నిప్పులాంటి ఎరుపు, అందుకని దాని పేరూ డేగే. గుడ్డులోంచి బయటపడ్డ రోజున తల్లిపెట్టని పిల్లి ఎత్తుకుపోతే, నూకాలు దాన్ని తన కొంగులో పెట్టుకుని పెంచింది. ఆ పుంజంటే ఆమెకి ప్రాణం.

ఆమె పాక పక్కన కోళ్లగూడు మట్టిది. మోకాలెత్తు ఉండేది. రోజూ పొద్దున్నే నూకాలు నడుము దాకా అందులోకి దూరేది. జానెడు మందాన పరిచిన వరి ఊకని ఇనప పళ్లున్న చిన్న పంజాతో తిరగేసేది. రాత్రి పడిన రెట్ట ఊకలో కలిసిపోయేది. ఎక్కడైనా తడి ముద్దగా అంటుకుంటే ఆ ముద్ద తీసేసి గుప్పెడు కొత్త ఊక చల్లేది. పాత ఊక బాగా మాగాక సొరపాదుకి వేసేది. ఇదంతా ఎవరో నేర్పిన విద్యలా అనిపించేది కాదు ఆమెకి. ముగ్గు వేసినట్టు, పిండి కలిపినట్టు, చేతులు వాటంతట అవే చేసేవి.

ఇక కోటలో సంగతి వేరు. అక్కడి కోళ్లగూడు గంధపు చెక్కతో కట్టింది, నిలువెత్తు మనిషి తల వంచకుండా నడిచి తిరగొచ్చు. ఎందుకంటే మసకపురం రాజులు తల వంచరు. అది వాళ్ల వంశంలో ఏడు తరాల ఆచారం. ఇప్పటి రాజు పేరు శిఖరభూపతి. ఆయనకి గడ్డం గీయాలంటే మంగలి నేల మీద కూర్చుని చేతులు పైకెత్తి గీసేవాడు. చెప్పులు తొడగడానికి ఒకడు, పాదం ఎక్కడుందో చూసి చెప్పడానికి ఇంకొకడు. రాజు ఎక్కడా వంగాల్సిన పని పడకుండా కోట గుమ్మాలన్నీ ఆకాశమంత ఎత్తున కట్టారు.

కోటలో మర్యాదలన్నీ చూసే పెద్దమనిషి కోనప్ప. డేగతో పాటు దాన్ని చూసుకునే పనికి నూకాలూ కోటలో అడుగుపెట్టిన రోజే ఆయన మూడు ఆజ్ఞలు వేశాడు.

"ఒకటి, రాజుగారి పుంజు పట్టు పరుపు మీద ఉండాలి. రెండు, పక్షి రాజుగారి కంటే ఎత్తున కూర్చోకూడదు, కాబట్టి దానికి కొమ్మలూ కర్రలూ వద్దు, జానెడెత్తు బంగారు పీట చాలు. మూడు, రోజుకి మూడుసార్లు గూడంతా పన్నీటితో కడగాలి."

పరుపు, పన్నీరు అనగానే నూకాలు మనసులో ఏదో గుచ్చుకుంది. ఊక మాట నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆమె తన మాసిన చీర వైపు చూసుకుంది, మెరిసే గోడల వైపు చూసింది. రాజుగారి ఇంటి పద్ధతి ఇదేనేమో, మనకేం తెలుసు అనుకుంది. మాట మింగేసింది.

ఆ రోజు నుంచి ఆమె పని హాయిగా మారిపోయింది. పొడుగు కర్ర చీపురుతో నిలబడే కడిగేది. పరుపు మీది దుప్పటి రోజుకి మూడుసార్లు మార్చేది. నిలబడి చూస్తే గూడు అద్దంలా ఉండేది. నిలబడి వాసన చూస్తే పన్నీటి గుబాళింపు. ఆ మంచుదేశంలో తడిసింది ఏదీ ఆరదన్న సంగతి పరుపు మెరుపులో ఆమెకి తట్టనే లేదు.

రెండున్నర నెలలు గడిచాయి. ఒకనాడు డేగ కూత చివర్లో కొంచెం చీలింది. ఆ రోజు మసకపురం ఘడియ ఆలస్యంగా లేచింది. పాలమ్మేది పాలు అమ్ముతున్నట్టు కల కంటూ ఉండిపోయింది. ఊరు ఉత్త కాఫీకి కూడా నోచుకోలేదు అనడానికి లేదు, అప్పటికి కాఫీ లేదు గనక సరిపోయింది.

"గొంతుకి దిష్టి తగిలింది" అన్నాడు కోనప్ప. గూట్లో సాంబ్రాణి పొగ వేయించాడు. ఆ పొగకి డేగ మూడుసార్లు తుమ్మింది.

మర్నాడు కూత ఊరి పొలిమేర దాటలేదు. కొండ మీది పల్లెలు మధ్యాహ్నం దాకా నిద్రపోయాయి. చేలో ఒకడు నాగలి పట్టుకుని నిలబడే గురక పెట్టాడు, ఎడ్లు వాడిని లాక్కుని నాలుగు చాళ్లు దున్నేశాయి.

"ఈ పన్నీరు చాల్లేదు" అన్నాడు కోనప్ప. మూడుసార్లు కడిగేది ఆరుసార్లు కడిగించాడు.

ఆ తర్వాత వారానికి కూత కోట గోడ కూడా దాటలేదు. అప్పుడు ఆస్థాన వైద్యుడు వచ్చి తేనె, మిరియాలు నూరి పుంజు గొంతులో పోశాడు. డేగ నోరు తెరిచింది. లోపల్నుంచి కిర్రుమని పాత తలుపు చప్పుడు వచ్చింది, అంతే.

ఆ రోజు మసకపురం లేవనే లేదు.

అది చూడవలసిన వింత. మంచు ఇళ్లలోకి నడిచి వచ్చి మనుషుల పక్కన పడుకుంది. కుమ్మరి కలలో కుండలు చేస్తూ నవ్వుకున్నాడు. పెళ్లికూతురు కలలోనే అత్తారింటికి వెళ్లి కలలోనే అలిగి పుట్టింటికి వచ్చేసింది. ఆకలేసిన పిల్లలు కలలో బూరెలు తిని, కడుపు నిండక ఏడ్చారు. ఎవరి ఏడుపు ఎవరికీ వినిపించలేదు. లేగదూడలు మాత్రం పాలకి అరుస్తూ ఉన్నాయి.

రెండు రోజులకి ఎలాగో కళ్లు నులుముకుని సభ కూడింది. కోనప్ప ఆవలింత ఆపుకుంటూ చెప్పాడు. "ప్రభూ, కూయలేని పొద్దు పుంజుని కొండతల్లికి బలి ఇవ్వాలి. అది పాత ఆచారం. రేపే కత్తి నూరిస్తాను. ఆ తర్వాత కొత్త పుంజుని వెతుకుదాం."

రాజు నిద్రమత్తులో తల ఊపాడు. వంచకుండా, పక్కకి ఊపాడు.

ఆ మాట నూకాలు చెవిన పడింది. గూటికి వెళ్లి డేగ పక్కన కూలబడింది. పుంజు కళ్లు ఎర్రగా, సగం మూసుకుని ఉన్నాయి. తురాయి వాలిపోయింది. "నా కొంగులో పెరిగినోడివి, నిన్ను కత్తికి అప్పజెప్పడానికా నాను కోటకి తెచ్చినాను" అంది నూకాలు. బెంగ, నిస్సత్తువ కలిసి ఆమెని పడగొట్టాయి. పరుపు మీద పుంజు పక్కనే తల వాల్చింది. పట్టపగలే కళ్లు మూతలు పడ్డాయి.

కల వచ్చింది. కలలో ఒక పెద్ద వంటిల్లు. ఎవరో బాణలి నిండా మిరపకాయలు వేయిస్తున్నారు. "ఆపండి తల్లీ, కళ్లు మండిపోతున్నాయి" అంటూ నూకాలు తలుపు కోసం తడుముకుంటోంది. ఆ వంటింటికి తలుపు లేదు. మూలన డేగ నిలబడి ఉంది. దానికీ దారి లేదు.

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. వంటిల్లు పోయింది, బాణలి పోయింది, మంట మాత్రం పోలేదు. కళ్ల నిండా నీళ్లు. ఏడుస్తున్నాననుకుంది. కానీ ఏడుపు ఇంకా మొదలు కానే లేదు.

మెల్లగా లేచి నిలబడింది. పన్నీటి వాసన, మంట లేదు. మళ్లీ కింద తల పెట్టింది. ఘాటు ముక్కులో సూదిలా దిగింది. మళ్లీ నిలబడింది, మళ్లీ వంగింది. మూడోసారి ఇక వంగాల్సిన పని లేకపోయింది, ఆమెకి అర్థమైపోయింది.

గబగబా దుప్పటి లాగేసింది. పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఉంది పరుపు సంగతి. పైన జరీ పువ్వులు. లోపల దూది మూడు నెలల నీళ్లూ, మూడు నెలల రెట్టా తాగి, కుళ్లి, నల్లగా ఆవిరి కక్కుతోంది. ఆ ఆవిరి నేలని అంటిపెట్టుకుని జానెడెత్తున తిష్ఠ వేసింది. బంగారు పీటా సరిగ్గా జానెడెత్తే. మూడు నెలలుగా డేగ నిలబడింది అక్కడే, పీల్చింది అదే.

నూకాలు అప్పుడు ఏడ్చింది. కోనప్పని తిట్టుకుంటూ కాదు, తనని తాను తిట్టుకుంటూ ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, ఉన్న చీరతోనే, సభకి నడిచింది.

"మారాజా, పుంజు గొంతులో ఏటీ లేదు. దాని కాళ్ల కింద ఉంది రోగం" అంది. "పరుపు తీసెయ్యాల. పన్నీరు ఆపాల. జానెడు ఎండు ఊక పరిస్తే నా డేగ కూస్తాది."

సభలో నవ్వులు లేచాయి. "రాజుగారి పుంజుకి ఊకా? రేపు రాజుగారికి గోనెపట్టా కట్టమంటావు" అన్నాడు కోనప్ప. "నేనే రోజూ వెళ్లి చూస్తున్నాను. గూడు గంధంలా ఉంది. నా ముక్కు అబద్ధం చెబుతుందా?"

"తవరి ముక్కు నిజమే సెబుతాది బాబూ. అది ఉన్న ఎత్తులో గంధమే ఉంది. పుంజు ముక్కు ఉన్నకాడ ఏటున్నాదో అది సెప్పలేదు."

రాజు మొదటిసారి కళ్లు పూర్తిగా తెరిచాడు. "అయితే తప్పు ఎవరిది?" అని అడిగాడు. 

కోనప్ప ముఖం పాలిపోయింది. నూకాలు ఆయన పేరు చెప్పొచ్చు, అది అబద్ధమూ కాదు. కానీ ఆమె చేతులు కట్టుకుని నిజంలో తన వాటా చెప్పింది.

"నాదే మారాజా. ఆయనకి కోళ్ల సంగతి తెలీదు, నాకు తెలుసు. నా పాకలో గూడు మోకాలెత్తు, రోజూ వంగీదాన్ని. ఇక్కడ గూడు ఎత్తుగా ఉందని వంగడం మానేసినాను. నడుముకి సుఖం సూసుకున్నాను, ఊక మాట సెప్పడానికి సిగ్గు పడ్డాను. నా మాట నమ్మొద్దు. తవరే వచ్చి డేగ నిలబడ్డకాడ ఒక్కసారి తల ఎట్టండి. తవరి కళ్లే సెబుతాయి."

సభ రాయిలా బిగుసుకుపోయింది. రాజు తల వంచడమా, అదీ కోళ్లగూట్లోనా? కోనప్ప కత్తి పట్టిన భటుల కోసం చూశాడు.

శిఖరభూపతి మాత్రం నిద్రా కాని, మెలకువా కాని రోజులతో విసిగిపోయి ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకి కూడా ఆ పుంజంటే ఇష్టం. తను చెప్పకుండానే తనని లేపే ప్రాణి రాజ్యం మొత్తం మీద అదొక్కటే. ఆయన మెల్లగా సింహాసనం దిగాడు.

గూటి దగ్గర కొలువంతా మర్యాద కోసం గోడ వైపు తిరిగి నిలబడింది. రాజు ముందు మెడ వంచాడు. ఏడు తరాలుగా వాడని ఎముక కలుక్కుమంది. తర్వాత నడుము. తర్వాత మోకాళ్లు. చివరికి కిరీటం తీసి పక్కన పెట్టి, బంగారు పీట పక్కన చెంప ఆనించాడు.

 గోడ వైపు తిరిగి ఉన్నవాళ్లకి దగ్గు వినిపించింది.

రాజు లేచేసరికి ఆయన గడ్డం మీద కన్నీళ్లు కారుతున్నాయి. ఘాటు వల్ల కొన్ని, మిగతావి దేనివల్లో ఆయనకే తెలియాలి. "మూడు నెలలు ఇది ఇక్కడ నిలబడి, మన కోసం కూసింది" అన్నాడు. 

అయినా ఆచారం ఆచారమే కదా. కోనప్ప గొణిగాడు, పురోహితులు తలలు ఊపారు. మూడో పొద్దు పొడిచేలోగా పుంజు కూయాలని ఒకడన్నాడు. పొద్దు పొడిచిందని తెలియాలంటే పుంజు కూయాలి, కూయలేదని తేలాలంటే పొద్దు పొడవాలి. ఈ చిక్కు విప్పలేక పండితులు చాలాసేపు చర్చించారు. ఆఖరికి కొండతల్లి గుడిలో మూడు రోజులకి సరిపడా నూనె పోసి దీపం పెట్టారు. దీపం కొండెక్కేలోగా డేగ కూస్తే బతుకుతుంది, లేకపోతే లేదు.

మొదటి రోజు నూకాలు పరుపు ఈడ్చి పారేసింది. అంటుకుపోయిన పెళ్లలు గీకింది, పొడి మట్టి చల్లింది, నిప్పుల కుంపటి పెట్టి నేల ఆరబెట్టింది. ఎనిమిది బస్తాల ఊక తెప్పించి జానెడు మందాన పరిచింది. డేగ కొత్త నేల మీద ఒక కాలు మోపి, తీసి, మళ్లీ మోపింది. తర్వాత వెల్లకిలా దొర్లినంత పని చేసింది.

రెండో రోజు పంజాతో ఊక తిరగేసింది. మూలన బూడిద కలిపిన మట్టి పోస్తే డేగ అందులో స్నానం చేసింది. రాజు వచ్చాడు, ఈసారి ఎవరూ పిలవకుండానే. నూకాలు గుప్పెడు ఊక ఆయన చేతిలో పెట్టింది. "పిడికిలి బిగించి ఇప్పండి మారాజా. రాలిపోతే పొడిగా ఉన్నట్టు. ముద్ద కడితే తడిసినట్టు, మార్చాల." రాజు పిడికిలి విప్పాడు. ఊక గలగలా రాలిపోయింది. ఆయన పిల్లవాడిలా నవ్వి, ఇంకో గుప్పెడు తీసుకున్నాడు. కానీ డేగ ఆ రోజు కూడా కూయలేదు.

మూడో రోజు గుడిలో నూనె అడుగంటింది. దీపం ముందు కోనప్ప, కత్తి ఒళ్లో పెట్టుకుని. గూట్లో నూకాలు, రాజు, పుంజు.  కోటంతా మంచు నిండిపోయింది. ఊక కింద నుంచి మెల్లగా వెచ్చదనం వస్తోంది, తిరగేసిన ఊకకి ఆ గుణం ఉంటుంది. ఆ వెచ్చదనానికి రాజు కళ్లు మూసుకుపోయాయి. నూకాలు పుంజు వీపు మీద చెయ్యి వేసి, నిద్రపోకూడదని అనుకుంటూనే నిద్రపోయింది. గుళ్లో కోనప్ప కూడా కునికాడు. మసకపురంలో మేలుకుని ఉన్నది ఎవరూ లేరు, ఒక వత్తి తప్ప.

అప్పుడు ప్రతి కలలోకీ ఒకే చప్పుడు వచ్చింది.

కుమ్మరి కలలో తిరుగుతున్న సారె ఆగిపోయింది. పెళ్లికూతురు కలలో అలక మానేసి చెవి ఒగ్గింది. పిల్లల కలలో బూరెలు మాయమయ్యాయి. నూకాలు కలలో తలుపు లేని ఆ వంటింటికి ఒక తలుపు తెరుచుకుంది, అందులోంచి ఎర్రని పుంజు ఒకటి బయటికి నడిచి, మెడ చాచి కూసింది. ఆమె కళ్లు తెరిచింది. కూత ఆగలేదు. అది కల లోపలిది కాదు, ఆమె అరచేతి కిందిది. పుంజు వీపు ఆమె చేతికి అదురుతోంది.

కూత మొదటి కొండ దాటింది, రెండో కొండ దాటింది, మూడో కొండ తాకి తిరిగొచ్చింది. ఇళ్లలో మనుషుల పక్కన పడుకున్న మంచు లేచి వెళ్లిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి. దూడలకి పాలు దొరికాయి. గుళ్లో కోనప్ప ఉలిక్కిపడి లేస్తే, దీపం కొసన ఇంకా ఒక గింజంత వెలుగు ఉంది. ఆయన కత్తి అక్కడే వదిలి పరుగెత్తాడు.

గూటి ముందుకి జనం చేరారు. లోపల శిఖరభూపతి నేల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం నిండా ఊక, నెత్తి మీద ఊక, ఒళ్లో పుంజు. ఎవరూ నవ్వలేదు. రాజు మాత్రం నవ్వాడు.

నూకాలు డేగ తురాయి సవరించి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ రోజే రాజు గూటికి ఉన్న ఎత్తైన గుమ్మం పడగొట్టించి మోకాలెత్తు గుమ్మం పెట్టించాడు. లోపలికి ఎవరు రావాలన్నా, రాజైనా సరే, వంగి రావలసిందే. పొద్దున్నే పంజాతో ఊక తిరగేసే పని కోనప్పకి అప్పగించారు. పాపం, మొదటి వారం ఆయన నడుము పట్టేసింది. రెండో వారానికి పుంజుతో కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. కోట తోటలో ఆ ఏడు కాసిన గుమ్మడికాయలు ఇద్దరు మోస్తే గాని కదల్లేదంటారు.

నిలబడి చూసేవాడికి పన్నీటి వాసనే తెలుస్తుంది. ఎదుటి ప్రాణి బాధ తెలియాలంటే, అది ఉన్న ఎత్తుకి మనం వంగాలి.